అచ్చు పడని చేతులు

రేణిగుంట,
3 జూన్ 2024

అత్తకు సలాం.

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా ఆఁ, ఊఁ తప్ప మాట రాదు, పక్కింటి జ్ఞానాంబ చెవి గోడకే ఉంటుందంటావు. వాట్సాప్ పెడదామంటే నీ వేలికి తెర పలకదు. నువ్వు పాత బటన్ల ఫోన్‌తో ఉండిపోయింది మొండితనం వల్ల అనుకునేదాన్ని. నా వేలు కూడా పదిసార్లు నొక్కితే ఒకసారి పలుకుతుంది కాబట్టి ఇప్పుడు అర్థమైంది. అందుకే ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే, ఈ కాలం పిల్లకు కవరెందుకన్నట్టు చూశారు.

విషయానికి వస్తాను. మా ఫ్యాక్టరీలో హాజరు వేలిముద్రతోనే. నా ముద్ర పడదు. ఏడు నెలలు గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టించుకుని పంపారు. కిందటి నెల బాలచంద్ర అని కొత్త అధికారి వచ్చాడు. "పేరు సబియా అని కాగితాల్లో ఉంది. రోజూ వచ్చేది ఆ సబియానే అని నాకేం నమ్మకం? ముద్ర పడకుండా చేతికి ఏదో రాసుకొస్తున్నావా?" అన్నాడు. అరచేతులు చూపించాను. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. మర్నాటి నుంచి క్యాంటీన్లో నా బల్ల మీద నేనొక్కదాన్నే. ఆగస్టు నెలాఖరులోగా డాక్టరు కాగితం తేవాలి, లేకపోతే ఉద్యోగం పోతుంది.

తిరుపతిలో లోహిత అనే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆమె నా చేతులు పట్టుకుని చూసింది. పట్టుకుంది అత్తా, చేతి తొడుగు కూడా వేసుకోలేదు. అరచేతులు, అరికాళ్ళు పుట్టుకతోనే మందంగా పెరిగే జబ్బట. చాలా అరుదు. అంటుకోదు, ప్రాణం తీయదు, పూర్తిగా పోదు. వంశంలో వస్తుంది. "ఇంట్లో ఇంకెవరికి ఉంది?" అంది. మా అత్తకు అన్నాను. "అమ్మకా, నాన్నకా?" లేదన్నాను. ఆమె కలం పక్కన పెట్టింది. "ఈ రకం తరం దాటి దూకదమ్మా. తల్లికో తండ్రికో ఉండాలి. ఎక్కడో కొందరికి కొత్తగా పుడుతుంది గాని, మీ అత్తకూ ఉందంటున్నావు కదా, నీకు కొత్తగా వచ్చింది కాదు." కుటుంబంలో ఇంకొకరిని చూస్తే గట్టిగా రాసిస్తానంది. మంగళవారాలు ఉంటుంది. నువ్వు రావాలి.

నాయన బండి మీద నుంచి పడి భుజం ఎముక విరిగి పదిహేను రోజులైంది. కళాయి షాపు మూసే ఉంది. చిత్తూరులో సగం హోటళ్ళ బిరియానీ డేగిసాలు కళాయి లేక నల్లబడి ఉంటాయి. రెండు నెలలు పని ముట్టొద్దన్నారు.

నీ మేనకోడలు (ఫ్యాక్టరీ లెక్కలో ఎవరో),
సబియా


పాకాల,
12 జూన్ 2024

సబియా పాపకు అక్తరత్త దువా.

ఉత్తరం అందినాది. కవరు అంచు రెండు తూర్లు అతికించినట్టు ఉండాది. ఎవరిప్పినారు? మీ హాస్టల్లోనా, ఈడ పోస్టులోనా? ఈ తూరి అతికించినాక దాని మీద అడ్డంగా సంతకం పెట్టి పంపు.

డాక్టరమ్మకు నా సంగతి ఎందుకు చెప్పినావు? నిన్ను చూపించుకోమంటే నన్ను చూపించినావే. నా చేతులకు ఏమొచ్చింది? పాకాల పిల్లోళ్ళు నా చేతులు సూసే నా కాడ గోరింటాకు కోన్లు కొంటారు. "అక్తరమ్మా, నీకు పండినట్టు మాకు పండదేమి" అని అడుగుతారు. నల్లగా, ఎర్రగా, నెల దినాలు నిలబడతాది. చర్మం మందం కాబట్టి పండుతాదని చెప్తే గాజులు గూడా కొనరు. ముప్పై ఏండ్లుగా ఈ గోరింటాకు కింద నా చేతులు దాచుకోనుండాను. ఇప్పుడు ఒకామె కాగితం మీద రాసుకుంటుందంటే నేను వచ్చి సాచాల్నా?

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. వంశం గురించి అడగమని మీ అమ్మ చెప్పినాదా? తల్లికా తండ్రికా అనేది డాక్టరమ్మ మాటనా, మీ అమ్మ మాటనా? ఇరవై రెండేండ్ల తర్వాత ఇప్పుడెందుకు లేచినాది ఈ మాట?

మంగళవారం నాకు కుదరదు. ఏ మంగళవారమూ కుదరదు.

నువ్వు చేతులు ఉప్పునీళ్ళలో నానబెట్టి గరుకు రాయితో మెల్లగా రుద్దు. బ్లేడు పెట్టొద్దు. మీ నాయనను పని కాడికి పోనీయొద్దు. పని లేదని మర్చిపోతాడు, చేతులకు కొబ్బరినూనె మటుకు పూసుకుంటా ఉండమను.

ఉండేది ఈడనే, యాడికీ పోను,
అక్తరత్త


రేణిగుంట,
20 జూన్ 2024

అత్తా,

కవరు ఎవరూ విప్పలేదు. నేనే అతికించి, మళ్ళీ ఊడదీసి, ఒక పేజీ తీసేసి, మళ్ళీ అతికించాను. ఆ తీసేసిన పేజీ ఇప్పుడు రాస్తున్నాను. అమ్మ ఏమీ అడగలేదు. మన ఇంట్లో నీ పేరు ఎత్తడమే అమ్మకు పనికిరాదని నీకు తెలియదా?

బక్రీదుకు చిత్తూరు వెళ్ళినప్పుడు బీరువా పైన ఆల్బమ్ దించాను. స్టూడియోలో తీసిన ఫొటో ఒకటుంది. నేను మూడు నెలల పిల్లని. రెండు పిడికిళ్ళకూ దూది చుట్టి ఉంది. ఎత్తుకున్నది నువ్వు. పక్కన నాయన, ఫొటోకని కడుక్కున్న మొహంతో. అమ్మ లేదు. ఈ ఫొటో తీసినప్పుడు నువ్వెక్కడున్నావని అడిగితే అమ్మ మాంసం కడుగుతూ తల ఎత్తలేదు. "ఆ ఫొటో ఎందుకు దించినావు?" అంది, అంతే.

నాకు ఏడాది నిండకముందే నువ్వు ఇల్లు వదిలి పాకాలకు ఎందుకు వెళ్ళిపోయావు? పెళ్ళి కాలేదు, ఉద్యోగం లేదు, పాకాలలో చుట్టాలు లేరు. వెళ్ళాక కూడా ఏడేళ్ళు నెలనెలా వచ్చి, వాకిట్లోనే కూర్చుని, నా చేతులకు గోరింటాకు పెట్టి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళేదానివి. ఒకరోజు అమ్మ తలుపు తీయలేదు. అక్కడితో ఆగింది. ఇప్పటికీ తిరుపతి నుంచి ఇంటికి రైల్లో వస్తే, అమ్మ పక్కనుంటే, పాకాల వచ్చే ముందు నన్ను అవతలి వైపు కిటికీకి మారమంటుంది. ప్లాట్‌ఫాం మీద ఎవరున్నారని?

అమ్మ అరచేతులు మెత్తగా ఉంటాయి. నాయనవి పనివాడి చేతులు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం ఇది నాకు ఇచ్చినవాళ్ళు ఒకరున్నారు. నాకు తెలిసినంతలో ఆ చేతులు ఒక్కరికే ఉన్నాయి.

నేను నీ కూతుర్నా?

ఏమని సంతకం పెట్టాలో తెలియక,
సబియా


పాకాల,
1 జూలై 2024

సబియాకు.

నీ ఉత్తరం చదివి గ్యాసు మీద పెట్టి కాల్చినాను. అట్లాంటి మాట కాగితం మీద పెట్టొచ్చునా? జ్ఞానాంబ వాసన పట్టి "ఏం మాడినాది అక్తరమ్మా" అని వచ్చినాది. పాలు అనినాను.

అవునని రాయను, కాదని రాయను. కాదంటే "మరి ఎవరు" అంటావు. దానికి జవాబు నా దగ్గర లేదు, ఉన్నా నాది కాదు. ఒకరికి మాట ఇచ్చినాను. నువ్వు దూది పిడికిళ్ళతో ఉన్ననాడు ఇచ్చినాను.

నా ఉత్తరాలు గూడా కాల్చెయ్. ఇంక రాయొద్దు.

అక్తరున్నీసా


చిత్తూరు,
21 జూలై 2024

అత్తా,

నువ్వు కాదనలేదు కాబట్టి అవుననే అనుకున్నాను. ఇరవై రోజులు ఫ్యాక్టరీలో బోర్డులకు మరలు బిగిస్తూ నిన్ను 'అమ్మ' అని మనసులో అని చూసుకున్నాను. పలకడానికి బాగానే ఉండింది. ఈ ఉత్తరం కూడా అలాగే మొదలుపెట్టి కొట్టేశాను. ఎందుకో చెప్తాను, కుదురుగా చదువు. కాల్చేది ఉంటే తర్వాత కాల్చు.

అమ్మను నిలదీద్దామని నిన్న వచ్చాను. సాయంత్రం సలావుద్దీన్ చిచ్చా నాయనను చూడటానికి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఇద్దరిదీ ఒకే కొలిమి, ఒకే తగరం. అమ్మ టీ ఇస్తే అందుకుని "స్స్, కాలతాండాది" అని గ్లాసు కింద పెట్టేశాడు. నవ్వుతూ అరచేతులు చాపాడు. "సూడప్పా కాశిం! రెండు నెలలు పని లేకపోయేసరికి పెండ్లికొడుకు చేతులైపాయె. పొరలు పొరలుగా ఊడిపాయె." నిజమే, గులాబీ రంగులో మెత్తగా ఉన్నాయి. పాదాలు కూడా చూపించాడు. డేగిసా లోపల నిలబడి, ఇసక మీద అరికాళ్ళతో గిరగిరా తిరిగి తోమిన పాదాలు, ఇప్పుడు ఏ క్లాసులోనో పాఠం చెప్పే మాస్టారివిలా ఉన్నాయి.

నాయన తన గ్లాసును ఒట్టి చేత్తో పట్టుకుని తాగుతున్నాడు. పొగలు కక్కే టీ. చిచ్చా చేతులు చాపిన క్షణంలో నాయన ఖాళీ చేతిని తుండు కిందికి లాక్కున్నాడు.

అదొక్కటే అత్తా. ఆ తుండు.

పుట్టినప్పటి నుంచీ ఆ చేతులు చూస్తున్నాను. కళాయివాళ్ళ చేతులు అంతే అనుకున్నాను. పాదాలు అంతే అనుకున్నాను. క్లాసులో వంశపు పటాలు గీసి అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నది నేనే. గోడ మీద బల్లిని కూడా వదలకుండా చూస్తానని నువ్వే అంటావు. ఇంట్లో మనిషి అరచేయి చూడలేదు.

చిచ్చా వెళ్ళాక కొబ్బరినూనె సీసా తెచ్చి ముందు పెట్టాను. "అత్త పూసుకోమంది" అన్నాను. నాయన మొహం తెల్లబోయింది. "అక్క ఆ మాట కాగితం మీద రాసిందా?" అన్నాడు. పని లేని చేతికి నూనె ఎందుకని నేను ఒక్కసారైనా ఆలోచించలేదు. "పుట్టినప్పటి నుంచేనా నాయనా?" అన్నాను. తల ఊపాడు. "మీ అమ్మకు తెల్దు" అన్నాడు.

నేను నీ కూతుర్ని కాను. ఆ ముక్క నువ్వు చెప్పి ఉండొచ్చు. నాకు కోపంగా ఉంది. నిన్ను అమ్మను చేసుకున్నందుకు నా మీద, చేసుకోనిచ్చినందుకు నీ మీద. నాయన దాచాడు సరే, మరి ఇల్లు వదిలి వెళ్ళింది నువ్వెందుకు?

సబియా


పాకాల,
30 జూలై 2024

నా సబియాకు.

సంతకం అడ్డంగానే పెట్టినావు, ఎవరూ ఇప్పలేదు. రాస్తాను.

మా నాయనకు ఉండె, నాకు వచ్చె, తమ్ముడికి వచ్చె. నేను ఆడపిల్లను, గోరింటాకు పెట్టి దాచినాను. మగపిల్లోడు యాడ దాచాల? ఇస్కూల్లో పక్కన ఎవరూ కూచోక ఎనిమిదో తరగతిలో మానుకున్నాడు. కళాయి పనిలో ఎవరూ చేతులు అడగరు, పాదాలు అడగరు. వెతుక్కోని పోయి చేరినాడు.

పెండ్లికి మీ అమ్మ వాళ్ళ నాయన వాణియంబాడి నుంచి వచ్చె. ఆయనది తోళ్ళ వ్యాపారం. తోలు తాకి ధర చెప్పే మనిషి. నీ నాయన చేతులు రెండూ పట్టుకోని తిప్పి తిప్పి సూసినాడు. "కష్టపడే చేతులు" అని మెచ్చుకోని పోయినాడు! ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు గూడా నవ్వొస్తాది, నవ్వినాక కండ్లనీళ్ళు వస్తాయి.

నీకు మూడో నెలలో అరచేతులు గట్టిపడినాయి. మీ అమ్మ భయపడిపాయె. యాడి నుంచి వచ్చినాది అని ఇల్లంతా అరిచినాది. తమ్ముడు ఆ పొద్దు వాకిట్లో డేగిసాలో నిలబడి తోముతాండాడు. అన్నీ వినపడతాండాయి. బయటికి రాలేదు. పెండ్లయి రెండేండ్లు గూడా దాటలేదు, మోసం చేసినారని పుట్టింటికి పోతే? నేనే నా చేతులు సాచి సూపించినాను. "నావల్ల. బిడ్డను నేను ఎత్తుకుంటాండా కదా, నాది అంటుకునినాది" అనినాను.

మీ అమ్మ నమ్మినాది. అంటుకునేదాన్ని ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు? నీకు ఎట్లా అంటుకునేసినాది కదా అని వాకిలి దాకా మటుకు రానిచ్చినాది. ఆమె తప్పేమీ లేదు. అనగూడనివి అనినాది, బిడ్డ కోసం అనినాది. ఎవరికీ చెప్పనని తమ్ముడికి మాట ఇచ్చి నేను పాకాల వచ్చినాను. రైలు నిలబడే ఊరు, నిన్ను కిటికీలో సూడొచ్చని.

ఇప్పుడు నువ్వు ఈ మాట తీసినావంటే వాళ్ళిద్దరి నడుమ ఇరవై రెండేండ్లు విరిగిపోతాయి. తమ్ముడు మంచోడే. భయస్థుడు. చెప్పొద్దు. నా మీద ఒట్టు.

అక్తరత్త


రేణిగుంట,
21 ఆగస్టు 2024

అత్తా,

ఒట్టు నేను తప్పలేదు. ఎలా జరిగిందో విను.

నా ఉద్యోగం సంగతి నాయనకు చెప్పి వచ్చాను. రెండు వారాలకు ఫోన్ చేసి "మంగళవారం వస్తా, నా చేతులు సూపించుకో" అన్నాడు. నిన్న రైలు దిగాడు. వెనకాలే అమ్మ దిగింది! భుజం చూపించుకోవడానికి పోతున్నానని చెప్పాడట. "భుజానికి చిత్తూరులో డాక్టర్లు లేరా?" అని అమ్మ బుర్ఖా వేసుకుని బయల్దేరిందట.

డాక్టరు నాయన చేయి, నా చేయి పక్కపక్కన పెట్టి చూసింది. కాగితం మీద వంశపటం గీసింది. తాతకు నలుపు, నీకు నలుపు, నాయనకు నలుపు, నాకు నలుపు. అమ్మ గుండ్రం మాత్రం తెల్లగా వదిలింది. "ఇది ముట్టుకుంటే వచ్చేది కాదు. కలిసి తిన్నా, ఎత్తుకున్నా రాదు" అని అమ్మకు విడిగా చెప్పింది. అమ్మ ఆ తెల్ల గుండ్రాన్నే చూస్తూ కూర్చుంది.

బయట బెంచీ మీద నాయన "నన్ను మన్నించు" అని మొదలుపెట్టాడు. అమ్మ ఆపింది. "నాకు తెల్దనుకుంటాండావా? పాపకు నాలుగేండ్లప్పుడు నీకు టైఫాయిడ్ వచ్చి నలభై దినాలు మంచం దిగలేదు. నీ చేతులు మెత్తబడలేదు. కాళ్ళకు నూనె రాసింది నేనే కదా. ఆ పొద్దే తెల్సె."

నాయన నోరు తెరిచాడు. "పద్దెనిమిదేండ్లు! నాకు ఒక్క మాట చెప్పలేదే?"

"నువ్వు చెప్పినావా?"

ఆ పక్కన చీటీ పట్టుకుని కూర్చున్న ముసలాయన కూడా మావైపు తిరిగాడు.

"మరి అత్తను ఎందుకు పిలవలేదమ్మా? తలుపు ఎందుకు తీయలేదు?" అన్నాను. అమ్మ అంది: "వదినెను ఇంట్లో నుంచి పంపినప్పుడు నేనన్న మాటలు నీకు తెల్దు. తెల్సినాక ఏ మొగం పెట్టుకోని తలుపు తీసేది? ఆమె వాకిట్లో కూచుంటే నాకు ఊపిరి ఆడేది కాదు. రైల్లో నిన్ను అవతలికి కూచోబెట్టేది నువ్వు ఆమెను సూడకుండా కాదు. ఆమె నన్ను సూడకుండా."

అత్తా, నువ్వు కాపాడిన గుట్టు కాపాడాల్సిన మనిషికి ఎప్పుడో తెలుసు. ముగ్గురూ ముగ్గురి దగ్గర దాచారు.

అమ్మ నిన్ను ఇంటికి రమ్మంటోంది. కాగితం బాలచంద్రకు ఇచ్చాను. లైటుకు పట్టి ముద్ర అసలుదేనా అని చూశాడు. రేపటి నుంచి హాజరుకు వేలిముద్ర బదులు నాకు కార్డు ఇస్తారట.

నీ మేనకోడలు, అసలైనది,
సబియా


పాకాల,
29 ఆగస్టు 2024

సబియా,

ఉద్యోగం నిలబడినందుకు అల్లాకు శుక్రియా.

మిగతాది నేను నమ్మను. నీకు కతలు అల్లడం బాగా వచ్చు. మొన్న నన్ను నీకు తల్లిని చేసినావు. ఇప్పుడు మీ అమ్మను మంచిదాన్ని చేసినావు. నాలుగు ముక్కలు రాస్తే ముసిలిది మూట కట్టుకోని వస్తాదని అనుకున్నావా? వచ్చినాక ఆ తలుపు మళ్ళా తీయకపోతే? ఒకసారి ఆ వాకిట్లో నుంచి వాపసు వచ్చినాను. ఇంకొకసారి రావడానికి నాకు కాళ్ళు లేవు.

నిజంగా ఆమె పిలిచింటే ఆమె నుంచి ఏదన్నా రావాల. రాత పంపుతానంటావు, వద్దు. అది నువ్వు రాయగలవు. ఫోన్లో మాట్లాడిస్తానంటావు, నువ్వు పక్కన కూచోని చెప్పించగలవు. నువ్వు చేయలేనిది ఏదన్నా ఉంటే పంపు. అప్పుడు సూస్తాము.

అక్తరత్త


చిత్తూరు,
8 సెప్టెంబరు 2024

అత్తకు సలాం.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "సరిగ్గానే అడిగినాది" అంది. పెరట్లో గోరింటాకు దూసి, తనే రుబ్బి, పల్చగా అరచేతికి పూసుకుని కాగితం మీద అదిమింది. మొదటిది అలుక్కుపోయింది. రెండోది కదిలింది. మూడోది బాగా వచ్చింది.

అదే ఇందులో పెట్టాను. పక్కన పోల్చుకోవడానికి నాది, నాయనదీ వేశాం. మా రెండూ ఒట్టి మరకలు, రొట్టె మాడినట్టు. నీది వేసినా అంతే. అమ్మది చూడు. వేళ్ళ చివర సన్నటి సుడులు, మధ్యలో గీతలు, బొటనవేలి కింద చిన్నప్పుడు కత్తిపీటకు తెగిన గాటు కూడా పడింది. నేను రాత దొంగిలించగలను, గొంతు నేర్పించగలను. ఇలాంటి చేయి మన వంశంలో ఎవరం వేయలేం.

కవరు అతికించబోతుంటే అమ్మ ఆపి ఇంకొక మాట రాయమంది, తన మాట తన మాటగానే:

"దీన్ని గూడా నమ్మకపోతే, ఈ చెయ్యి తీసుకోని నేనే పాకాలకు వస్తా. ఆదివారం పొద్దున బండి. ప్లాట్‌ఫాం పక్క కిటికీలోనే కూచోనుంటా. వదినెను సూడమను."

సంతకం అడ్డంగా పెట్టాను.

సబియా